ఎండ మండుతున్నా బ్యాటరీ నిండడం లేదు: ఏ చార్జ్ కంట్రోలర్ తీసుకోవాలి?

మట్టిగోడ:
అందరికీ నమస్కారం. మా ఇంటికి కరెంటు లైను లేదు. నాలుగేళ్లుగా ఇల్లంతా సోలార్ మీదే నడుస్తోంది. ప్యానెళ్లు రెండు. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ రకం లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు, సిరీస్‌లో కలిపి 24 వోల్టులు చేశాము. మధ్యలో ప్యానెళ్ల నుంచి బ్యాటరీకి వెళ్లే చార్జింగ్‌ను అదుపు చేసే 30 ఆంపియర్ల పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్ ఉంది. దీపాలు, మూడు ఫ్యాన్లు, పగటిపూట చిన్న ఫ్రిజ్, ఇంతే వాడకం.

చలికాలంలో మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కంట్రోలర్ మీద, బ్యాటరీ నిండిందని చెప్పే పచ్చ దీపం వెలిగేది. ఇప్పుడు ఆకాశంలో మబ్బు తునక లేదు, ఎండ మండిపోతోంది, అయినా సాయంత్రం దాకా ఆ దీపం వెలగదు. బ్యాటరీ వోల్టేజి 27 దగ్గర మొరాయిస్తుంది. అర్ధరాత్రి రెండింటికి ఇన్వర్టర్ కూత పెట్టి ఆగిపోతుంది. మా అమ్మకు ఉబ్బసం. ఫ్యాన్ ఆగిన నిమిషానికే లేచి కూర్చుంటుంది.

బ్యాటరీ ఆమ్లం గాఢత కొలిచే హైడ్రోమీటర్‌తో చూస్తే గ్రావిటీ 1.220 దాటడం లేదు, అంటే పూర్తిగా నిండడం లేదు. ఒక మెకానిక్ బ్యాటరీలు పోయాయన్నాడు. ఇంకొకరు 60 ఆంపియర్ల కంట్రోలర్ పెడితే చార్జింగ్ రెట్టింపు అవుతుందన్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. పెద్ద కంట్రోలర్ కొనాలా, ఎంపీపీటీ అనే ఇంకో రకం కంట్రోలర్‌కు మారాలా?

రాగితీగ:
మట్టిగోడ గారూ, ముందు ఏమీ కొనకండి. కంట్రోలర్ మీద రాసిన ఆంపియర్లు అది ఇచ్చే చార్జింగ్ కాదు, అది భరించగలిగిన గరిష్ఠ కరెంటు. కుండ పెద్దదైనంత మాత్రాన వాన ఎక్కువ కురవదు. 30 ఉన్న చోట 60 పెట్టినా మీ ప్యానెళ్లు ఇచ్చేది అంతే.

ప్యానెల్ వెనుక అంటించిన కాగితం మీద నాలుగు అంకెలు ఉంటాయి: ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (దేనికీ కలపనప్పుడు ఉండేది), గరిష్ఠ పవర్ దగ్గరి వోల్టేజి, షార్ట్ సర్క్యూట్ కరెంటు (రెండు కొసలూ నేరుగా కలిపితే వచ్చేది), గరిష్ఠ పవర్ దగ్గరి కరెంటు. అవి చూసి రాయండి. ప్యానెళ్ల నుంచి కంట్రోలర్ దాకా వైరు ఎంత పొడవు, ఎంత మందం, ప్యానెళ్లను సిరీస్‌లో (వోల్టేజీలు కూడేలా) కలిపారా ప్యారలల్‌లోనా (కరెంట్లు కూడేలా) అన్నదీ చెప్పండి.

నిలకడ:
ఎవరు ఏ సమస్య చెప్పినా "ఎంపీపీటీ పెట్టండి, 30 శాతం ఎక్కువ వస్తుంది" అనడం అలవాటైపోయింది. ఆ 30 శాతం అన్ని చోట్లా రాదు. పీడబ్ల్యూఎం ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలిపే వేగవంతమైన స్విచ్చు. ప్యానెల్ వోల్టేజి బ్యాటరీ వోల్టేజికి దిగిపోతుంది, కరెంటు అలాగే ఉంటుంది. ముందువైపు 72 సెళ్లు, అంటే గళ్లు, ఉన్న ప్యానెల్ 24 వోల్టుల బ్యాటరీకి, 36 సెళ్ల ప్యానెల్ 12 వోల్టుల బ్యాటరీకి చక్కగా సరిపోతాయి. వేసవిలో ప్యానెల్ వేడెక్కి దాని వోల్టేజి ఎలాగూ పడిపోతుంది కనుక రెండు రకాల కంట్రోలర్ల మధ్య తేడా ఇంకా తగ్గుతుంది. మా ఇంట్లో పీడబ్ల్యూఎం 11 ఏళ్లుగా పనిచేస్తోంది. మీ బ్యాటరీలలో నీళ్లు తగ్గాయేమో ముందు అది చూడండి.

మట్టిగోడ:
నీళ్లు సరిగ్గానే ఉన్నాయి. నెలకోసారి డిస్టిల్డ్ నీళ్లు నేనే పోస్తాను.

ఇప్పుడే పైకెక్కి టార్చి వేసి చూశాను. ఒక్కో ప్యానెల్ 275 వాట్లు. ఓపెన్ సర్క్యూట్ 38.5 వోల్టులు, గరిష్ఠ పవర్ దగ్గర 31.5 వోల్టులు. షార్ట్ సర్క్యూట్ 9.3 ఆంపియర్లు, గరిష్ఠ పవర్ దగ్గర 8.7. ముందువైపు గళ్లు లెక్కపెడితే 60 వచ్చాయి. రెండూ ప్యారలల్‌లో ఉన్నాయి. వైరు 4 చదరపు మిల్లీమీటర్లు, ఒకవైపు 15 మీటర్లు.

రాగితీగ:
60 సెళ్లు. మీ సమస్య మొత్తం ఆ అంకెలోనే ఉంది. కాస్త ఓపికగా చదవండి.

కాగితం మీది 31.5 వోల్టులు సెల్లు 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటి మాట. ఎండలో సెల్లు ఎప్పుడూ గాలి కంటే వేడిగా ఉంటుంది. తీవ్రమైన వేసవి మధ్యాహ్నం 65 డిగ్రీలకు చేరడం మామూలే. ప్రతి డిగ్రీకీ ఆ వోల్టేజి దాదాపు 0.4 శాతం పడిపోతుంది. 40 డిగ్రీలు పెరిగితే 16 శాతం. 31.5 కాస్తా 26.5 అవుతుంది.

ఇప్పుడు బ్యాటరీ వైపు చూడండి. 24 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా నిండాలంటే 28.8 వోల్టుల దాకా ఎక్కించి, అక్కడ రెండు మూడు గంటలు నిలబెట్టాలి. వేడిలో ఉన్న బ్యాటరీకి కాస్త తక్కువ చాలు, 38 డిగ్రీల దగ్గర 28.2 అనుకుందాం. అంటే కావలసింది 28, ప్యానెల్ హాయిగా ఇవ్వగలిగింది 26.5. ఆ పైన ప్యానెల్ కరెంటు ఒక్కసారిగా ఆగిపోదు కానీ, అక్కడి నుంచి ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి దాకా జారుడుబండ మీద జారినట్టు తగ్గిపోతుంది. బ్యాటరీ ఎంత నిండితే కరెంటు అంత పలచబడుతుంది.

దీనికి మీ వైరు తోడైంది. రానుపోను 30 మీటర్ల 4 చదరపు మిల్లీమీటర్ల రాగి అంటే 0.13 ఓమ్‌లు. 16 ఆంపియర్లు ప్రవహిస్తే 2 వోల్టులు వైరులోనే మిగిలిపోతాయి. బ్యాటరీ దగ్గర 28 కావాలంటే ప్యానెల్ దగ్గర 30 ఉండాలి. వచ్చిన కొద్దిపాటిలో ఫ్యాన్లు, ఫ్రిజ్ వాటా పోతే బ్యాటరీకి దక్కేది ఏముంటుంది?

చలికాలంలో సెల్లు 40, 45 డిగ్రీల దగ్గర ఆగుతుంది. అప్పుడు ప్యానెల్ వోల్టేజి 29 చిల్లర ఉంటుంది, ఫ్యాన్ల భారమూ ఉండదు. అందుకే అప్పుడు పచ్చ దీపం వెలిగింది. మీ బ్యాటరీలు పోలేదని నా నమ్మకం. నెలల తరబడి అరకొరగా నిండుతూ లోపలి పలకల మీద సల్ఫేట్ పొర పేరుకుంటోంది. ఇలాగే వదిలేస్తే మాత్రం నిజంగానే పోతాయి.

నిలకడ:
రాగితీగ గారి లెక్క సరైనదే. 24 వోల్టుల వ్యవస్థ అనగానే 72 సెళ్ల ప్యానెళ్లు అనుకుని రాశాను, అది నా పొరపాటు. 60 సెళ్ల ప్యానెల్‌కు పీడబ్ల్యూఎంతో 12 వోల్టుల దగ్గరా, 24 వోల్టుల దగ్గరా కూడా పొత్తు కుదరదు. 12 దగ్గర సగానికి పైగా పవర్ వృథా అవుతుంది, 24 దగ్గర వేసవిలో వోల్టేజి చాలదు. ఈ రెండింటిని జత చేసి అమ్మినవారు ప్యానెల్ వాట్లు, కంట్రోలర్ ఆంపియర్లు మాత్రమే చూసి ఉంటారు. ఇక్కడ ఎంపీపీటీ తప్పనిసరి.

చిరుదీపం:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ప్యానెల్ వోల్టేజే చాలకపోతే ఎంపీపీటీ వచ్చి చేసేది ఏమిటి? అది వోల్టేజి పెంచుతుందా?

రాగితీగ:
మంచి ప్రశ్న. పెంచదు. ఇళ్లలో వాడే ఎంపీపీటీలు దాదాపు అన్నీ ఎక్కువ వోల్టేజిని తగ్గించి, ఆ మేరకు కరెంటును పెంచేవే. లోపల చోక్ అనే రాగి తీగ చుట్ట, స్విచ్చులు కలిసి ఆ పని చేస్తాయి. ప్యానెల్‌ను ఏ వోల్టేజి దగ్గర నిలిపితే ఎక్కువ వాట్లు వస్తాయో కొద్దికొద్దిగా అటూ ఇటూ జరుపుతూ వెతుక్కుంటుంది. ప్యానెల్ వోల్టేజి బ్యాటరీ కంటే ఎప్పుడూ పైన ఉండాలి. పని మొదలుపెట్టడానికే కొన్ని కంట్రోలర్లకు బ్యాటరీ కంటే 5 వోల్టులు ఎక్కువ కావాలి.

కాబట్టి మట్టిగోడ గారు ప్యానెళ్లను ప్యారలల్‌లోనే ఉంచి ఎంపీపీటీ పెడితే బాధ తీరదు. రెండింటినీ సిరీస్‌లో కలపాలి. అప్పుడు కాగితం మీద 63 వోల్టులు, మంచి వేడిలో 53. బ్యాటరీకి కావలసినదానికి దాదాపు రెట్టింపు. పైగా వైరులో కరెంటు సగమవుతుంది, వృథా నాలుగో వంతుకు పడిపోతుంది. ఇప్పుడు గరిష్ఠంగా 40 వాట్లు వైరును వేడి చేస్తుంటే అప్పుడు 10 వాట్లే. వైరు మార్చనక్కరలేదు.

వేకువజాము:
సిరీస్ అన్నారు కాబట్టి నాకు జరిగింది చెప్పాలి. 150 వోల్టుల గరిష్ఠం ఉన్న ఎంపీపీటీకి 49.5 వోల్టుల ఓపెన్ సర్క్యూట్ ఉన్న ప్యానెళ్లు మూడు సిరీస్‌లో పెట్టాను. 148.5 వోల్టులు. ఒకటిన్నర వోల్టు మిగులు ఉంది కదా అని ధైర్యపడ్డాను. ఎనిమిది నెలలు ఏ తేడా లేకుండా పనిచేసింది.

ఒక చలికాలపు ఉదయం 8 డిగ్రీలు ఉంది. రాత్రంతా చల్లబడిన ప్యానెళ్ల మీద మొదటి ఎండ పడింది. ఏడు గంటలకు వెళ్లి చూస్తే కంట్రోలర్ తెర నల్లగా ఉంది. శబ్దం లేదు, పొగ లేదు. పెట్టె దగ్గరికి ముఖం పెడితే మాడిన లక్క లాంటి వాసన వచ్చింది. మూత తీస్తే, ప్యానెల్ టెర్మినల్ పక్కనున్న కెపాసిటర్ తల ఉబ్బి చీలి ఉంది.

లెక్క ఆ తర్వాత వేశాను. నా ప్యానెళ్లకు చలి వల్ల తగ్గే ప్రతి డిగ్రీకీ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి 0.27 శాతం పెరుగుతుంది. 25 నుంచి 8 అంటే 17 డిగ్రీలు, 4.6 శాతం. 148.5 కాస్తా 155 అయింది. కరెంటు ఎక్కువైతే ఎంపీపీటీ తనను తాను కట్టడి చేసుకుంటుంది, వోల్టేజి ఎక్కువైతే దాని చేతిలో ఏమీ లేదు. వారంటీ కూడా వర్తించదన్నారు. ఆ కంట్రోలర్ కోసం కూడబెట్టిన రోజులు ఇప్పటికీ గుర్తొస్తాయి. దయచేసి మీ ప్రాంతంలో ఎంత చలి పడుతుందో, ఆ ఉదయానికి లెక్క వేయండి. ఆ పైన కూడా మిగులు ఉంచండి.

మట్టిగోడ:
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్లుగా నా ప్యానెల్ వెనుక ఏమి రాసి ఉందో చూడాలని నాకే తోచలేదు.

నా లెక్క సరిచూడండి. రెండు సిరీస్‌లో 77 వోల్టులు. 5 డిగ్రీల చలికి 20 డిగ్రీల తేడా. మా ప్యానెల్ కాగితం మీద డిగ్రీకి 0.31 శాతం అని ఉంది. 6.2 శాతం కలిపితే దాదాపు 82 వోల్టులు. 100 వోల్టుల కంట్రోలర్ సరిపోతుంది కదా? ఇదే రకం ప్యానెల్ ఇంకొకటి కలపాలని ఉంది, అప్పుడేమవుతుంది? ఆంపియర్లు ఎన్ని ఉండాలి? ముందు ముందు లిథియం బ్యాటరీకి మారితే ఇదే కంట్రోలర్ పనికొస్తుందా?

రాగితీగ:
82 సరైన లెక్క. 100 వోల్టులది చాలు. ఒక్క ప్యానెల్ కలిపితే మూడూ సిరీస్‌లో 115 దాటుతుంది, అప్పుడు 150 వోల్టులది కావాలి. జతలుగా పెంచితే అంటే నాలుగు చేస్తే, రెండేసి సిరీస్‌లో, ఆ రెండు జతలు ప్యారలల్‌లో పెట్టి 100 వోల్టుల దానితోనే సరిపెట్టవచ్చు. మీరైతే నాలుగు వైపే వెళ్లండి. అయితే ప్యారలల్ అయ్యేసరికి ఆ వైరులో మళ్లీ 17 ఆంపియర్లు వస్తాయి. రెండో జతకు వేరే వైరు లాగండి.

ఆంపియర్ల లెక్క ప్యానెల్ కరెంటుతో కాదు, బ్యాటరీ వైపు నుంచి. మొత్తం వాట్లను బ్యాటరీ వోల్టేజితో భాగించాలి. 550 వాట్లను 25తో భాగిస్తే 22 ఆంపియర్లు. నాలుగు ప్యానెళ్లయితే 1100 వాట్లకు 44. 40 ఆంపియర్లది తీసుకున్నా నష్టం లేదు. వేడిలో ప్యానెళ్లు రాసినంత ఎలాగూ ఇవ్వవు, ఎప్పుడైనా ఎక్కువ వస్తే 40 దగ్గర అదే ఆపేస్తుంది. మబ్బు పట్టిన రోజు మాత్రం ఆ అదనపు ప్యానెళ్లు ఎంతో ఆదుకుంటాయి.

కానీ మీ 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్‌కు 15 నుంచి 22 ఆంపియర్లు ఆరోగ్యకరం. 40 నేరుగా కుమ్మరిస్తే బ్యాటరీ కాగిపోతుంది. గరిష్ఠ చార్జింగ్ కరెంటును మనం పెట్టుకునే వీలున్న కంట్రోలర్ చూడండి. పగటి వాడకం కూడా ఆ పరిమితిలోంచే పోతుందని గుర్తుంచుకుని అంకె పెట్టండి.

లిథియం సంగతి. వోల్టేజీలను మన ఇష్టప్రకారం పెట్టుకునే వీలుండాలి, అదొక్కటే షరతు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 8 సెళ్లకు 28.4 దగ్గర పెట్టి, ఈక్వలైజింగ్ (సెళ్లన్నీ సమం కావడానికి ఎక్కువ వోల్టేజితో చేసే చార్జింగ్) పూర్తిగా ఆపేయాలి, ఉష్ణోగ్రత సవరణ (బ్యాటరీ వేడిని బట్టి చార్జింగ్ వోల్టేజి మార్చడం) సున్నా చేయాలి. "జెల్, సీల్డ్, ఫ్లడెడ్" అని లెడ్ యాసిడ్ రకాలకు మూడే బొత్తాలున్న కంట్రోలర్ వద్దు.

కొలతలమనిషి:
ఉష్ణోగ్రత సవరణ మాట వచ్చింది కాబట్టి. సెన్సర్ తీగను బ్యాటరీకి అంటించే వీలున్నది తీసుకోండి. కొన్నింటిలో సెన్సర్ పెట్టె లోపలే ఉంటుంది. మధ్యాహ్నం పెట్టె కాగిపోతే, బ్యాటరీయే అంత వేడిగా ఉందనుకుని చార్జింగ్ వోల్టేజిని అవసరానికి మించి తగ్గించేస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. పెట్టె మీద ఎంపీపీటీ అని అచ్చువేసి లోపల పీడబ్ల్యూఎం పెట్టి అమ్మేవి చాలా ఉన్నాయి. నా స్నేహితుడొకరు తెచ్చినదాన్ని విప్పి చూశాను. అరచేతిలో పెడితే ఖాళీ పెట్టెలా తేలికగా ఉంది. లోపల నాలుగు ట్రాన్సిస్టర్లు, రెండు కెపాసిటర్లు, ఒక చిన్న చిప్పు. చోక్ కోసం వెతికాను, లేనే లేదు. రాగి తీగ చుట్టిన బరువైన చోక్ లేకుండా ఎంపీపీటీ ఉండదు.

విప్పకుండా కూడా తేల్చవచ్చు. బ్యాటరీ సగం ఖాళీగా ఉండి, ఎండ బాగా ఉన్న సమయంలో మల్టీమీటర్‌తో ప్యానెల్ టెర్మినళ్ల వోల్టేజి, తర్వాత బ్యాటరీ టెర్మినళ్ల వోల్టేజి చూడండి. రెండూ దాదాపు ఒకటే అయితే అది పీడబ్ల్యూఎం. డీసీ కొలిచే క్లాంప్ మీటర్ ఉంటే ఇంకా స్పష్టం. బ్యాటరీ వైపు ఆంపియర్లు ప్యానెల్ వైపు కంటే ఎక్కువ ఉండాలి. సమానంగా ఉంటే ఆ పెట్టెను తిరిగి ఇచ్చేయండి.

నిలకడ:
అమర్చేటప్పుడు నా వంతు జాగ్రత్తలు. ముందు బ్యాటరీ కలపాలి, తర్వాతే ప్యానెల్. తీసేటప్పుడు ముందు ప్యానెల్. బ్యాటరీని చూసే కంట్రోలర్ అది 12 వోల్టుల వ్యవస్థా 24దా అని తెలుసుకుంటుంది. బ్యాటరీ లేకుండా ప్యానెల్ ఒక్కటే ఎక్కితే కొన్ని దెబ్బతింటాయి. లిథియంకు మారాక కూడా ఇదే భయం: చార్జింగ్ నడుస్తుండగా లిథియం బ్యాటరీని కాపాడే సర్క్యూట్ బీఎంఎస్ హఠాత్తుగా బ్యాటరీని విడదీస్తే కంట్రోలర్ మీద వోల్టేజి ఎగదన్నవచ్చు.

బ్రేకర్లు డీసీవే కావాలి. ఏసీ సెకనుకు ఎన్నోసార్లు సున్నాకు వస్తుంది కనుక స్విచ్చు తెరవగానే మెరుపు ఆరిపోతుంది. డీసీలో అలా సున్నా రాదు, మెరుపు సాగుతూ స్విచ్చునే కాల్చేస్తుంది. ఇప్పుడు మీ ప్యానెల్ వైపు 77 వోల్టులు ఉంటాయి, పాత అలవాటుతో చేయి పెట్టకండి. ఇన్వర్టర్‌ను కంట్రోలర్ లోడ్ టెర్మినళ్లకు కలపకూడదు, ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీకే. కంట్రోలర్‌ను బ్యాటరీల పైన గోడకు బిగించకండి, వాటి ఆమ్లపు ఆవిరి రాగిని తినేస్తుంది, హైడ్రోజన్ కూడా పైకే వస్తుంది. పక్క గోడకు, పైనా కిందా జానెడు గాలి ఆడేలా నిలువుగా పెట్టండి.

చిరుదీపం:
నా దగ్గర 100 వాట్ల ప్యానెల్ ఒకటి, 18 వోల్టులది. 12 వోల్టుల బ్యాటరీ. మూడు దీపాలు, ఫోను చార్జింగ్. ఇదంతా చదివాక నేనూ ఎంపీపీటీ కొనాలేమోనని దిగులు పడ్డాను.

నిలకడ:
మీకు అక్కరలేదు. అది 36 సెళ్ల ప్యానెల్, మంచి వేడిలో కూడా 15 వోల్టులు ఇస్తుంది. బ్యాటరీకి 14.4 చాలు. ప్యానెల్ షార్ట్ సర్క్యూట్ కరెంటుకు పావు వంతు కలిపి, ఆ పైన దొరికే నాణ్యమైన పీడబ్ల్యూఎం తీసుకోండి. 10 ఆంపియర్లది సరిపోతుంది. మిగిలిన డబ్బుతో మందమైన వైరు వేయండి, మీకు అదే ఎక్కువ మేలు చేస్తుంది.

మట్టిగోడ:
మూడు వారాల తర్వాత వచ్చాను. 100 వోల్టుల 40 ఆంపియర్ల ఎంపీపీటీ పెట్టాము. ప్యానెళ్లు సిరీస్‌లోకి మార్చాము. కొనేముందు చేతిలో తూచి చూశాను, బరువుగానే ఉంది.

నిన్న మిట్టమధ్యాహ్నం కొలిచిన అంకెలు: ప్యానెల్ వైపు 54 వోల్టులు, 8.1 ఆంపియర్లు. బ్యాటరీ వైపు 27.4 వోల్టులు, 15.5 ఆంపియర్లు. అంటే 437 వాట్లు లోపలికి, 425 బయటికి. పాత కంట్రోలర్‌తో ఇదే వేళకు 11 ఆంపియర్లు దాటేవి కావు. మధ్యాహ్నం రెండున్నరకు 28 చిల్లరకు చేరి అక్కడే నిలిచింది. నాలుగేళ్లలో వేసవిలో ఆ అంకె చూడడం ఇదే మొదలు. పది రోజులుగా రాత్రి ఫ్యాన్ ఆగలేదు. అమ్మ తెల్లవారేదాకా నిద్రపోతోంది.

ఒక్కటే మిగిలింది. రెండు బ్యాటరీల పన్నెండు సెళ్లలో పదకొండింటి గ్రావిటీ 1.245, 1.250 దగ్గరికి వచ్చింది. రెండో బ్యాటరీలో చివరి సెల్లు మాత్రం 1.225 దగ్గర ఆగింది. అది పోయినట్టేనా?

కొలతలమనిషి:
ఇప్పుడే వదులుకోకండి. ఈక్వలైజ్ చేసి చూడండి, ఇప్పుడు మీకు ఆ వోల్టేజి ఉంది. ముందు మామూలుగా పూర్తిగా నిండనివ్వండి. ఇన్వర్టర్‌ను, లోడ్లను విడదీయండి, 31 వోల్టులు అవి భరించకపోవచ్చు. పలకలు మునిగి ఉన్నాయో లేదో చూడండి, కానీ నీళ్లు అంచుదాకా ఇప్పుడు పోయకండి, అయ్యాక పోయండి. తలుపులు, కిటికీలు తెరిచి, దగ్గరలో నిప్పు లేకుండా చూసుకుని 31 వోల్టుల దగ్గర రెండు మూడు గంటలు. గంటకోసారి ఆ సెల్లు గ్రావిటీ రాసుకోండి. ఆమ్లం 50 డిగ్రీలకు చేరితే వెంటనే ఆపేయండి. బ్యాటరీ తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఈక్వలైజ్ వోల్టేజి వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

మట్టిగోడ:
పుస్తకం వెతికి తీశాను, 12 వోల్టుల బ్యాటరీకి 15.5 అనే ఉంది. ఆదివారం ఉదయమే మొదలుపెడతాను. గంట గంటకూ వచ్చే అంకెలు ఇక్కడే రాస్తాను.